పెన్సిలిన్ పడని మనిషికి ఆ జాతి గోలీనే పంపారు, పైగా కూపన్ ఇస్తున్నారు

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: శనివారం రాత్రి హన్మకొండ బాలసముద్రానికి మీరు పంపిన మందుల్లో చీటీలో రాసిన యాంటీబయాటిక్ బదులు వేరేది రావడం, మీ యాప్ తప్పుడు రిమైండర్ గురించి.

మీ యాప్ చాట్‌లో ఇప్పటికి మూడుసార్లు రాశాను. మూడుసార్లూ మూడు పేర్లతో ఒకటే జవాబు, "అసౌకర్యానికి చింతిస్తున్నాం, 50 రూపాయల కూపన్ మీ ఖాతాలో వేశాం" అని. కూపన్ నాకొద్దు. జరిగిందంతా మొదటినుంచి రాస్తున్నా, దయచేసి చివరిదాకా చదివే ఓపిక ఉన్న మనిషి చేతికే ఇది ఇవ్వండి.

మా బాపుకు 64 ఏళ్ళు. సంక్రాంతి సకినాలు డబ్బా అడుగున నాలుగు మిగిలితే, అవి గట్టిపడ్డాయి వద్దన్నా వినకుండా కొరికాడు, ఎప్పటినుంచో పుచ్చి ఉన్న కింది దవడ పన్ను నిలువునా చీలింది. రెండు రోజులు లవంగం పెట్టుకుని ఓర్చుకున్నాడు, మూడో రోజుకు చెంప వాచి జ్వరం కూడా తగిలింది. శనివారం సాయంత్రం నక్కలగుట్టలో పంటి డాక్టర్‌కు చూపిస్తే, ఎక్స్‌రే తీసి, చీలిక వేరు దాకా పోయింది, రూట్ కెనాల్ చేసినా నిలవదని చెప్పి ఆరు గంటలకు మత్తు సూది ఇచ్చి పీకేశారు.

పీకే ముందు డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న, ఏ మందైనా పడదా అని. బాపుకు పెన్సిలిన్ పడదు. ముప్పై ఏళ్ళ కింద ఊర్లో ఆర్‌ఎంపీ డాక్టర్ ఆ సూది వేస్తే పది నిమిషాల్లో ఒళ్ళంతా దద్దుర్లు లేచి, పెదాలు ఉబ్బి, ఊపిరి ఆడక జీపులో వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తెచ్చారట. అప్పటినుంచి జ్వరానికి పోయినా, కాలికి ముల్లు గుచ్చుకుని పోయినా ముందు ఆ సంగతే చెప్తాడు. అందుకే డాక్టర్ క్లిండామైసిన్ 300 ఎంజీ రాశారు, ఎనిమిది గంటలకొకటి, ఐదు రోజులకు 15 క్యాప్సూళ్ళు. దాంతోపాటు నొప్పికి పారాసెటమాల్ 650, కడుపులో మంట రాకుండా పాంటాప్రజోల్ 40, క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్. చీటీ పైన ఎర్ర పెన్నుతో "పెన్సిలిన్ అలర్జీ" అని రాసి కింద గీత కూడా గీశారు. ఆ చీటీ ఫోటోనే నేను మీకు అప్‌లోడ్ చేశాను. అది కాకుండా మీ యాప్‌లో బాపు ప్రొఫైల్‌లో అలర్జీలు అని ఒక గడి ఉంటుంది కదా, అందులో పెన్సిలిన్ అని నేను నింపి ఏడాది దాటింది. ఆ గడి ఎందుకు పెట్టారో ఇప్పటికైనా చెప్పండి.

బయట తిరిగి కొనుక్కోకుండా మీకు ఆర్డర్ ఎందుకు ఇచ్చానంటే, బాపు నోట్లో గాజుగుడ్డ ముక్క కొరికిపట్టుకుని ఉన్నాడు, ముప్పావు గంట తీయొద్దన్నారు, అలాంటి మనిషిని స్కూటీ వెనక కూర్చోబెట్టుకుని మెడికల్ షాపుల చుట్టూ ఏం తిరగను అని. మీరు "రెండు గంటల్లో" అన్నారు. వచ్చింది రాత్రి 9:40కి. సరే, ఆలస్యం గురించి నేను గొడవ పెట్టుకోవడం లేదు, ట్రాఫిక్ అని ఆ పిల్లాడు చెప్పాడు, పాపం ఆ చలిలో వచ్చాడు.

అప్పటికి మత్తు దిగి నొప్పి మొదలైంది. బాపు ఓ చేత్తో చెంప పట్టుకుని ఇంకో చేత్తో కవర్ విప్పాడు. నేను వంటింట్లో గటక చల్లార్చుతున్నా. అక్కడినుంచే పిలిచాడు, "బిడ్డా, డాక్టర్ గొట్టం గోలీ అన్నడు గదా, నిండు గ్లాసు నీళ్ళతోని మింగి అర్ధగంట పండుకోవద్దన్నడు, గిది తెల్ల గోలీ ఏంది?" నేను వచ్చి షీట్ తిప్పి చదివాను. అమోక్సిసిలిన్ 500, క్లావులానిక్ యాసిడ్ 125. బిల్లులో దాని పక్కన చిన్న అక్షరాల్లో "సబ్‌స్టిట్యూట్" అని ఉంది.

అమోక్సిసిలిన్ అంటే పెన్సిలిన్ జాతి మందే. ఇది నేను నెట్‌లో వెతికి కనిపెట్టిన సంగతి కాదు, ఫార్మసీ చదివిన ఎవరినడిగినా చెప్తారు. మీ దగ్గర కూర్చుని చీటీ చూసే ఫార్మసిస్ట్‌కు తెలియదని నేను నమ్మను, చూడలేదని మాత్రం నమ్ముతాను. మా బాపు చదివింది ఐదో తరగతి. డాక్టర్ మాట చెవిన పెట్టుకున్నాడు కాబట్టి ఆగాడు. నొప్పి మీద ఉన్న మనిషి, చీకట్లో కవర్ చింపి వేసుకుని ఉంటే, మళ్ళీ ఆ జీపు రాత్రే మా ఇంట్లో జరిగేది. ఆ గోలీ షీట్ చేతిలో పట్టుకుని నాకు పావుగంట వణుకు తగ్గలేదు.

అప్పుడే మీ చాట్‌కు రాస్తే వచ్చిన మాట ఇది: "మేడమ్, అడిగిన మందు స్టాక్ లేదు, రెండూ యాంటీబయాటిక్సే, మీరు ప్రత్యామ్నాయానికి ఒప్పుకున్నారు." ఇది చదివి వినిపిస్తే బాపు అన్నాడు, "పత్తికి కొట్టేది, వరికి కొట్టేది రెండూ పురుగుల మందులే, అట్లని ఏది దొరికితే అది కొడ్తమా?"

ఒప్పుకున్నాను అంటున్నారు కదా, ఆ గడి సంగతి చెప్తాను. ఆర్డర్ చివర్లో "ప్రత్యామ్నాయం పంపవచ్చు" అని ఒక గడిలో మీరే టిక్ పెట్టి ఉంచుతారు. నేను తీయలేదు, నిజమే. మందు అదే, కంపెనీ పేరు వేరేది వస్తుందేమో అనుకున్నా, బయట షాపులో "ఆ కంపెనీది లేదు, ఇదీ అదే" అంటారు చూడండి, అలా. మందే మార్చేస్తారని ఎవరనుకుంటారు? అసలు నేను టిక్ పెట్టినా పెట్టకపోయినా అలా మార్చే హక్కు మీకు లేదు. 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లో 65వ రూలు తీసి చూడండి, షెడ్యూల్ హెచ్ మందు, అంటే డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందు, చీటీలో రాసి ఉంటే దాని బదులు ఇంకో మందు ఇవ్వకూడదని ఉంది, అందులో అదే పదార్థం ఉన్నా సరే, లేకపోయినా సరే. మందు లేకపోతే లేదని చెప్పాలి, డాక్టర్‌కు ఫోన్ చేయాలి. చీటీ మీద ఆయన నంబరు ఉంది.

రాత్రి పదిన్నరకు మా తమ్ముణ్ణి లేపి బండి మీద ఎంజీఎం వైపు పంపిస్తే అక్కడ తెరిచి ఉన్న రెండో షాపులోనే క్లిండామైసిన్ దొరికింది. మీకు ఊరంతా వెతికినా దొరకని మందు. ఆ షాపాయన చీటీ చూడగానే "పెన్సిలిన్ పడదా పెద్దాయనకు?" అని అడిగాడట.

ఇంతటితో అయిపోతే బాగుండేది. మౌత్‌వాష్ మాత్రం మరుసటిరోజు సాయంత్రం నుంచి మొదలుపెట్టమన్నారు డాక్టర్. పన్ను పీకిన గుంతలో రక్తం గడ్డకట్టి మూతలా కూర్చుంటుందట, మొదటి 24 గంటలు పుక్కిలించినా, గట్టిగా ఉమ్మినా, స్ట్రాతో పీల్చినా అది ఊడిపోతుందట. ఇది కూడా చీటీలో ఉంది. మీ యాప్ ఏం చేసిందంటే, నేను అడక్కుండానే అన్ని మందులకూ తనే రిమైండర్లు పెట్టేసింది. ఆదివారం పొద్దున ఆరింటికి ఫోన్ మోగి "మౌత్‌వాష్ సమయం అయింది, 30 సెకన్లు బాగా పుక్కిలించండి" అని తెలుగులోనే చెప్పింది. నేను నిద్రలో ఉన్నా. బాపు, డాక్టరే ఫోన్లో చెప్తున్నాడు కాబోలు అనుకుని, చెప్పినట్టే బాగా పుక్కిలించి ఉమ్మాడు. బేసిన్ ఎర్రగా అయింది. మళ్ళీ గాజుగుడ్డ మడిచి కొరికిపట్టించి, అది ఆగేసరికి ఏడున్నర.

మంగళవారానికి నొప్పి తగ్గాల్సింది పోయి చెవి దాకా పాకింది, నోట్లో వాసన. డాక్టర్ చూసి డ్రై సాకెట్ అన్నారు, గడ్డ పోయి లోపలి ఎముక బయటపడింది. గుంత కడిగి లవంగ నూనె మందు ఉన్న డ్రెస్సింగ్ పెట్టారు, రెండు రోజులకోసారి మార్చాలి. ఇక్కడ నిజం చెప్పాలి కాబట్టి చెప్తున్నా, బాపు సోమవారం మధ్యాహ్నం దాబా మీదికెక్కి ఒక బీడీ కాల్చాడు, వాడకట్టు పిల్లలు చూసి నాకు చెప్పారు. బీడీ వల్ల కూడా ఇది వస్తుంది. దేనివల్ల వచ్చిందో ఖాయంగా చెప్పలేనని డాక్టర్ అన్నారు. అందుకని డ్రెస్సింగ్ ఖర్చు మొత్తం మీ ఖాతాలో వేయను. కానీ ఆదివారం పొద్దున వచ్చిన రక్తం మాత్రం మీ రిమైండర్‌దే, దానికి బీడీ అడ్డం పెట్టకండి.

నాకు కావలసినవి చెప్తాను. ఆర్డర్ మొత్తం 412 రూపాయలు ఎక్కడినుంచి పోయాయో అక్కడికే తిరిగి రావాలి, కూపన్‌గా కాదు. ఆ రాత్రి మా చీటీని ఓకే చేసిన ఫార్మసిస్ట్ ఎవరో, వాళ్ళ రిజిస్ట్రేషన్ నంబరు ఏంటో రాతపూర్వకంగా ఇవ్వాలి. ఎవరూ చూడలేదు, కంప్యూటరే మార్చింది అంటే అదే రాసివ్వండి, అది ఇంకా ముఖ్యం. ప్రత్యామ్నాయం గడిలో ముందే టిక్ పెట్టడం ఆపండి. అలర్జీ గడిలో ఎవరైనా ఏదైనా రాస్తే, దానికి పడని మందు ఆర్డర్‌లోకి వచ్చినప్పుడు ఆర్డర్ అక్కడే ఆగాలి. రిమైండర్లు డాక్టర్ రాసిన రోజునుంచి పెట్టండి, చేతకాకపోతే అసలు పెట్టకండి.

2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. మీ చాట్ జవాబులను నేను జవాబుల కింద లెక్కపెట్టడం లేదు. గడువు దాటితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోతాను, ఔషధ నియంత్రణ శాఖకు కాపీ పెడతాను. ఐదు లక్షల లోపు కేసుకు కమిషన్‌లో ఫీజు కూడా లేదు కాబట్టి ఖర్చుకు భయపడి ఊరుకుంటానని అనుకోవద్దు.

చీటీ ఫోటో, మీ బిల్లు, చాట్ స్క్రీన్‌షాట్లు, రిమైండర్ స్క్రీన్‌షాట్ దీనితో జతచేశాను. ఆ అమోక్సిసిలిన్ షీట్ ఒక్క గోలీ కూడా తీయకుండా కవర్‌లో పెట్టి బీరువాలో తాళం వేశాను. మీ డెలివరీ పిల్లాడికి ఇవ్వమని నిన్న మెసేజ్ పెట్టారు, ఇవ్వను. కంపెనీ తరఫున ఎవరైనా వచ్చి, ఏం పంపారో కాగితం మీద రాసి సంతకం పెట్టి తీసుకెళ్ళండి. సాయంత్రం ఐదు తర్వాత ఇంట్లోనే ఉంటాను.

ఇట్లు,
మీ యాప్‌లో మూడేళ్ళుగా మందులు కొంటున్న కస్టమర్,
బాలసముద్రం, హన్మకొండ