ముప్పై రెండో కిలోమీటరు దగ్గర నువ్వుండాలి

కర్నూలు,
జూలై, ఆదివారం మధ్యాహ్నం

ఏం మామా, ఎట్లున్నావ్?

ఫోన్లో చెబుదామంటే గొంతు పట్టేస్తోంది, అందుకే రాస్తున్నా. వచ్చే నెల హైదరాబాద్ మారథాన్‌లో పరిగెడుతున్నాను. ఫుల్ మారథాన్, 42.195 కిలోమీటర్లు. మనల్ని వదిలి వెళ్లిపోయిన మనోడి పేరు మీద.

కానిస్టేబుల్ ఉద్యోగాల కోసం ముగ్గురం అవుట్‌డోర్ స్టేడియంలో పరిగెత్తిన రోజులు గుర్తున్నాయా? 1600 మీటర్లు 8 నిమిషాల్లో అయిపోవాలి. వాడు ఆరున్నరకే ముగించి, మళ్లీ వెనక్కి వచ్చి నా పక్కన చేరేవాడు. "నడవొద్దురా, ఇంకొక్క రౌండే" అనేవాడు. ఇప్పుడు రోజూ తెల్లారుజామున నాలుగున్నరకు లేస్తున్నాను. పొద్దెక్కితే మన కర్నూలు ఎండ ఎట్లుంటుందో నీకు చెప్పాలా! కొండారెడ్డి బురుజు దాటి కేసీ కాలువ గట్టు మీద పడితే ఆ వేళకి మనిషి కనిపించడు. ఆదివారాలు జగన్నాథగట్టు ఎక్కుతున్నా, ఎందుకంటే హైదరాబాద్ మారథాన్ దారిలో ఫ్లైఓవర్లు ఎక్కువ. పైన రూపాల సంగమేశ్వరుడి గుడి దగ్గర కాసేపు కూర్చుంటా. శ్రీశైలం ముంపు నుంచి తీసుకొచ్చి అక్కడ మళ్లీ నిలబెట్టిన గుడి కదా, వాడికి ఆ చోటంటే ఎంత ఇష్టమో!

పోయిన నెల 28వ కిలోమీటరు దగ్గర తల తిరిగి రోడ్డు పక్కన కూలబడ్డాను. నీళ్లు బాగానే తాగాను, ఉప్పు సంగతే మరిచాను. చెమటలో ఉప్పంతా పోతుంటే ఉత్త నీళ్లే తాగడం ప్రమాదమని మా వీధిలో ఉండే రిటైరైన పీఈటీ సారు కోప్పడ్డాడు. ఇప్పుడు ఉప్పేసిన మజ్జిగ, బుడ్డల (వేరుశనగ) ఉండలు లేకుండా గడప దాటడం లేదు. ముప్పై కిలోమీటర్లు దాటాక ఒంట్లో దాచుకున్న శక్తి అడుగంటుతుందట, చాలామంది అక్కడే ఆగిపోతారట.

ఇక ఈ పరుగు పేరుతో పోగుచేస్తున్న డబ్బుల సంగతి. వాడికి లుకేమియా, అదే బ్లడ్ క్యాన్సర్ అని తెలిశాక హైదరాబాద్‌లో గడిచిన ఆ ఎనిమిది నెలలు నువ్వూ చూశావు. వాడికి ఎక్కించే ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిల్వ ఉండవు, ప్రతిసారీ కొత్త మనిషిని వెతకాల్సిందే. రాత్రంతా మనిద్దరం ఫోన్లు చేస్తూ కూర్చున్నది మరిచిపోగలమా? దాత దొరికినా బస్సు చార్జీ లేక రాలేకపోయిన వాళ్లున్నారు. మనోడి నాన్న గది అద్దె కట్టలేక వరండాలో దుప్పటి పరుచుకున్నాడు. అది నాకు ఇప్పటికీ నిద్రలో కనిపిస్తుంది మామా. అందుకే వచ్చిన ప్రతి రూపాయీ మన జిల్లా నుంచి బ్లడ్ క్యాన్సర్ వైద్యానికి వెళ్లేవాళ్ల గది అద్దెకు, దాతల చార్జీలకు పోతుంది. ఎవరిచ్చింది ఎంతో నోటుపుస్తకంలో రాస్తున్నా. మనం తినే ఉగ్గాని బజ్జీ బండి అక్క కిలోమీటరుకు పది చొప్పున 420 రూపాయలు ముందే చేతిలో పెట్టింది. "నడుమ ఆగిపోయినా వెనక్కి ఇయ్యొద్దు" అంది.

వాడి పేరు మీద పరిగెత్తనా అని మనోడి అమ్మను అడగడానికి వెళ్లడమే అన్నిటికంటే కష్టమైంది. చెప్పినదంతా విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంత దూరం వాడు కూడా ఎప్పుడూ పరిగెత్తలేదు కదరా" అంది. ఇంకాసేపటికి, "దారిలో నీళ్లిచ్చేవాళ్లు ఉంటారా?" అని అడిగింది. ఉంటారమ్మా, చాలామంది ఉంటారు అన్నాను. అయినా నమ్మకం కుదిరినట్టు లేదు.

అందుకే నువ్వు రావాలి. బెంగళూరు నుంచి శనివారం రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగుతావు. 32వ కిలోమీటరు దగ్గర నిలబడు, చేతిలో మజ్జిగ సీసా ఉంటే చాలు. నేను నడుస్తూ కనబడితే ఏమనాలో నీకు తెలుసు. బుడ్డల ఉండలు వాడి అమ్మ చేసి ఇస్తానంది, నీ వంతు కూడా కలిపి. టికెట్ తీసుకున్నాక ఒక్క మెసేజ్ పెట్టు, ఆమెకు చెప్పాలి.

నీ,
కర్నూలు దోస్తు