మన బడి వార్తాలేఖ: జలపాతం యాత్ర, బూట్లు, రాళ్లు

తల్లిదండ్రులకు నమస్కారం.

మన తెలుగు బడి పిల్లల్ని వేల్స్‌లోని అస్ట్రాడ్‌వెల్టె జలపాతాలకు తీసుకెళ్లిన యాత్ర మీద వాట్సాప్ గ్రూపులో నడుస్తున్న చర్చంతా చదివాను. కొందరు పిల్లల్నే జలపాతం వెనక్కి తీసుకెళ్లారట, మిగతావాళ్లని గట్టు మీదే కూర్చోబెట్టారట అని. నిజమే, కూర్చోబెట్టాం. స్గూడ్ ఎర్ ఎయిరా జలపాతం వెనక దారి ఎప్పుడూ తడిగానే ఉంటుంది, కాలు జారితే కింద బండలే. అడుగు అరిగిపోయిన స్నీకర్లతో వచ్చిన పిల్లల్ని అక్కడ నడిపించే ధైర్యం మా టీచర్లకు లేదు. పట్టున్న బూట్లు వేసి పంపమని లెటర్లో రాశాం, మెసేజ్ పెట్టాం, క్లాసులో కూడా చెప్పాం. మీరంతా ఎంత బిజీగా ఉంటారో నాకు తెలుసు. కొత్త తెల్ల బూట్లకు బురద అంటిందని బాధపడుతున్నవారు, బురద లేని వేల్స్ కొండ ఎక్కడుందో చెబితే ఈసారి అక్కడికే వెళ్దాం.

పోర్త్ ఎర్ ఓగోవ్ గుహ లోపలికి ఏ పిల్లా వెళ్లలేదు. మెల్టె నది ఆ గుహలో దూరి, కొంత దూరం నేల కిందే పారి, మళ్లీ బయటికొస్తుంది. బయటికొచ్చే మడుగులో మునిగి ప్రాణాలు పోయినవాళ్లు ఉన్నారు. అందుకే గుహ ముఖం దగ్గరే ఆపేశాం.

ఇక "తెలుగు నేర్పమంటే రాళ్లు చూపిస్తున్నారేంటి" అన్న మాట. మన పిల్లలు పెరుగుతున్నది ఈ కొండల పక్కన. సెలవు దొరికితే ఎక్కే పెన్ ఎ వాన్ 886 మీటర్ల శిఖరం, దాదాపు 40 కోట్ల ఏళ్ల కిందట నదులు తెచ్చిపోసిన ఎర్ర ఇసుకరాయి. అక్కడి నుంచి దక్షిణానికి దిగితే సున్నపురాయి వస్తుంది. సుమారు 35 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ వెచ్చని లోతులేని సముద్రం ఉండేది, దాని అడుగున పేరుకున్న రాయి అది. ఇంకా కిందికొస్తే గరుకు ఇసుకరాయి, ఆ తర్వాత బొగ్గు. పొరలన్నీ దక్షిణానికి వాలి ఉన్నాయి కాబట్టి కొండ దిగేకొద్దీ వయసులో చిన్నదైన రాయి మీదికొస్తాం. సున్నపురాయి మీద గడ్డి పచ్చగా, పొట్టిగా ఉంటుంది, గరుకురాయి మీద తుంగ, బురద. రైతులు ఆ సున్నపురాయినే బట్టీల్లో కాల్చి, ఆమ్లం ఎక్కువైన నేలలకు సున్నం చల్లేవారు. మీలో చాలామంది ఇళ్లున్నది ఒకప్పుడు బొగ్గు తవ్విన లోయల్లోనే! ఈ ప్రాంతాన్ని 2005లో జియోపార్కుగా, అంటే రాళ్లు, కొండలే భూమి చరిత్ర చెప్పే చోటుగా గుర్తించారు. గంట ప్రయాణం దూరంలో ఇంత ఉంటే, వాగు, లోయ, బండ, గులకరాయి అన్న మాటలు వర్క్‌షీట్లో నింపిస్తూ కూర్చోవాలా? నేను కూర్చోను.

ఐదో తరగతి అమ్మాయి ఒకతె అందరినీ నిలబెట్టి చెప్పింది: "పైన గట్టి రాయి, కింద మెత్తటి రాయి. నీళ్లు మెత్తటిదాన్ని తినేశాయి, అందుకే వెనక దారి పడింది." ఒక్క ఇంగ్లిష్ ముక్క లేదు. మొన్న సెలవుల్లో బెలూం గుహలు చూసొచ్చిన చిన్నవాడు "అదీ సున్నపురాయే కదా, మరి అక్కడ నది ఏదీ?" అని అడిగాడు. బెలూంని తొలిచిందీ భూగర్భ జలమే, ఆ రాయి ఇంతకంటే ఎంతో పాతది అని చెబితే వాడి ముఖం చూడాలి! ఏడో తరగతి అబ్బాయి కొండను నిలువునా కోస్తే లోపల ఎలా ఉంటుందో బొమ్మ గీసి, పొరలన్నిటికీ తెలుగులోనే పేర్లు రాశాడు. ఈ ముగ్గురి ఇళ్లలోనూ అన్నం దగ్గర తెలుగే మాట్లాడతారు. మిగతా ఇళ్లలో ట్యాబ్ మాట్లాడుతుందేమో, నేనైతే అడగను.

ఉగాది నాటిక రిహార్సల్స్ వచ్చే శనివారం మొదలు, ఫీజు బాకీలు ఈ నెలాఖరులోగా, లైబ్రరీ పుస్తకాలు ఇప్పుడే.

కొండ బొమ్మ హాలు గోడకు పెట్టాం, శనివారం క్లాసు అయ్యాక వచ్చి చూడండి. కార్లు మాత్రం ఎదురింటివాళ్ల గేటుకు అడ్డంగా పెట్టకండి, వాళ్లు మళ్లీ వచ్చి అడిగారు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు