పగిలి వచ్చిన 31 మగ్గుల గురించి ఫిర్యాదు

తెనాలి,
సెప్టెంబరు 10.

మేనేజర్ గారికి,

నమస్కారం. నేను తెనాలిలో ఫొటో గిఫ్టుల షాపు నడుపుతున్నాను. ఒక ప్రింటరు, మగ్గు మీద బొమ్మను వేడితో అద్దే మగ్ ప్రెస్సు ఒకటి ఉన్నాయి. పనంతా నేనే చేసుకుంటాను. రెండేళ్లుగా ప్రింటు వేసే ప్లెయిన్ మగ్గులు మీ దగ్గరే కొంటున్నాను. ఆగస్టు 20న 11 ఔన్సుల తెల్ల మగ్గులు నాలుగు పెట్టెలకు ఆర్డరిచ్చాను. పెట్టెకు 36 చొప్పున మొత్తం 144. ఒక్కోటి 72 రూపాయల లెక్కన 10,368 రూపాయలు ముందే పంపాను. 27న సరుకు హైదరాబాద్ నుంచి లారీ పార్సిల్లో వచ్చింది. అందులో 31 మగ్గులు పనికిరాకుండా పోయాయి.

14 పూర్తిగా పగిలిపోయాయి. తొమ్మిదింటికి పిడులు ఊడాయి. నాలుగింటికి అంచులు పెచ్చులు లేచాయి. మిగతా నాలుగింటికి సన్నటి బీటలు.

ఆ బీటల గురించి కాస్త వివరంగా చెప్పాలి. పైకి చూస్తే అవి కొత్త మగ్గుల్లాగే ఉన్నాయి. కుండ కొనేటప్పుడు మా అమ్మ వేలితో కొట్టి చూసినట్టు నేను ప్రతి మగ్గునూ గోటితో మీటి చూస్తాను. మంచిదైతే ఖంగుమని మోగుతుంది, బీట ఉన్నదైతే మోగకుండా టొక్కుమంటుంది. అలా రెండింటిని పట్టుకున్నాను. ఇంకో రెండు నా చెవికి అందలేదు. 180 డిగ్రీల వేడిలో మూడు నిమిషాలు ప్రెస్సులో ఉన్నాక అవి నిలువునా విచ్చుకున్నాయి. రెండో మగ్గు ముక్క ప్రెస్సు హీటింగ్ ప్యాడ్‌కి గుచ్చుకుని చిన్న గాటు పడింది. పని జరుగుతోంది కాబట్టి ఆ ప్యాడ్‌కి డబ్బు అడగడం లేదు. కానీ ఆ సమయంలో నా చెయ్యి ప్రెస్సు పక్కనే ఉంది. అది మీకు తెలియాలి.

పగిలిన ముక్కలు దారి పొడవునా పక్క మగ్గులకు రాసుకుని కొన్నింటి మీది కోటింగు కూడా గీరుకుపోయింది. కోటింగు పోయిన చోట రంగు పట్టదు, తెల్ల మచ్చ మిగిలిపోతుంది. ఈ సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. గీత పిడి దగ్గర బొమ్మ రాని జాగాలో పడేలా సర్దుకుని వాటిని వాడేశాను. ఆ 31లో వీటిని కలపలేదు.

ఫోన్ చేస్తే మీ ఆఫీసులో ఒకాయన, "పింగాణీ అన్నాక నాలుగు పగులుతాయి మేడం, ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు విసిరేస్తే మేమేం చేస్తాం" అన్నారు. నాలుగు పగులుతాయని నాకూ తెలుసు. ఈ రెండేళ్లలో పెట్టెకు ఒకటీ రెండూ పోయినప్పుడు మీకు ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు. ఈసారి వచ్చిన నాలుగు పెట్టెలూ ఒకే లారీలో వచ్చాయి. అవే హమాలీలు దించారు. రెండు పెట్టెల్లో ప్రతి మగ్గుకూ విడిగా థర్మోకోల్ డబ్బా ఉంది. ఆ 72లో పగిలినవి రెండే. మిగతా రెండు పెట్టెల్లో మగ్గుకు ఒక పల్చటి అట్ట డబ్బా, మధ్యలో నలిపి కుక్కిన పేపర్లు, పిడి నేరుగా అట్టకు ఆనుకుని ఉంది. మిగతా 29 ఆ 72లోనే పోయాయి. దారిదే తప్పయితే నాలుగు పెట్టెలూ ఒకేలా దెబ్బతినాలి కదా? ఎందుకిలా అని అడిగితే థర్మోకోల్ డబ్బాల స్టాకు అయిపోయిందని మీవాళ్లే చెప్పారు. ఆ మాట ముందే చెప్పి ఉంటే వారం ఆగేదాన్ని. లేదంటే రెండు పెట్టెలే తెప్పించుకునేదాన్ని.

అదే రోజు సాయంత్రం 19 ఫొటోలు మీ నంబరుకి పంపాను. నాలుగు రోజుల తర్వాత జవాబొచ్చింది. పెట్టె విప్పినప్పటి నుంచి ఆపకుండా తీసిన వీడియో లేదు కాబట్టి క్లెయిం కుదరదట. "మీ మీద గౌరవంతో" వచ్చే ఆర్డరులో పది మగ్గులు కలిపి పంపుతారట.

ఈ వీడియో షరతు నా బిల్లు మీద లేదు. ఆర్డరు తీసుకున్నప్పుడూ ఎవరూ చెప్పలేదు. 144 డబ్బాలు విప్పి, ఒక్కోటి మీటి చూసేసరికి నాకు మధ్యాహ్నమంతా పట్టింది. ఒంటరిగా ఉన్న మనిషి ఒక చేత్తో ఫోన్ పట్టుకుని ఆ పనెలా చేస్తుంది? ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో సంతకం పెట్టందే పెట్టె ముట్టనివ్వరు. ప్రెస్సులో బయటపడే బీట ఏ వీడియోలోనూ కనపడదు. ఇక ఆ పది మగ్గుల సంగతి. నాకు రావలసినవి 31. ఆ పదీ అందాలన్నా ముందు ఇంకో ఆర్డరుకి డబ్బు కట్టాలి. నష్టపోయింది నేనైతే, మళ్లీ కొనమనే షరతు మీరెలా పెడతారు?

ఇక్కడి ఒక స్కూలు వాళ్లు గురుపూజోత్సవానికి టీచర్ల పేర్లు వేసి 120 మగ్గులు అడిగారు. సెప్టెంబరు 5 దాటాక ఆ మగ్గులతో వాళ్లకు పని లేదు. మంచివి 113 మిగిలాయి. తక్కువపడిన ఏడింటి కోసం విజయవాడ వెళ్లి, ఒక్కోటి 110 పెట్టి కొన్నాను. నాలుగో తేదీ రాత్రి పన్నెండింటి దాకా ప్రింటు వేశాను. మాట పోలేదు. లాభం మాత్రం పోయింది.

లారీ రసీదు చూస్తే దాని మీద "ఓనర్స్ రిస్క్" అని ఉంది, అంటే దారిలో సరుకు పాడైతే నష్టం సరుకు యజమానిదే అని. అలా బుక్ చేయమని నేను మీకు చెప్పలేదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 39వ సెక్షను ప్రకారం, అమ్మినవారు సరుకు స్వభావానికి తగ్గట్టు రవాణా ఒప్పందం చేసుకోవాలి. అలా చేయక సరుకు దారిలో పాడైతే కొన్నవాళ్లు నష్టం అడగవచ్చు. నేను వ్యాపారం కోసం కొన్నాను కాబట్టి వినియోగదారు చట్టం కిందికి రానని మీరు అనవచ్చు. కానీ సొంతంగా పని చేసుకుని పొట్టపోసుకునేవాళ్లను 2019 చట్టం వినియోగదారులుగానే చూస్తుంది. నాకు పనివాళ్లు లేరు. ఈ షాపే నా బతుకు.

31 మగ్గుల ఖరీదు 2,232 రూపాయలు, విజయవాడలో ఏడు మగ్గులకు అదనంగా పెట్టింది 266, మొత్తం 2,498 రూపాయలు నా బ్యాంకు ఖాతాలో వేయండి. పది మగ్గుల మాట వద్దు. లారీ కిరాయి, విజయవాడ బస్సు ఛార్జీ అడగడం లేదు. ఇకమీదట ఆర్డరు తీసుకునేటప్పుడే ఏ ప్యాకింగులో పంపుతారో బిల్లు మీద రాయండి. థర్మోకోల్ డబ్బాకు మగ్గు మీద ఇంకో మూడు నాలుగు రూపాయలు అడిగినా ఇస్తాను. మీ దగ్గర కొనే చిన్న షాపుల వాళ్లెవరైనా ఇస్తారు.

ఈ నెల 25 వరకు చూస్తాను. అప్పటికీ డబ్బు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను నంబరు 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేసి, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. మీ మగ్గుల మీద రంగు బాగా పడుతుంది, తెలుపు కూడా శుభ్రంగా ఉంటుంది. అందుకే అంతదాకా తెచ్చుకోవాలని నాకు లేదు.

బిల్లు, లారీ రసీదు, మీరిచ్చిన జవాబు నకళ్లు ఈ ఉత్తరంతో జతచేశాను. పగిలినవన్నీ వచ్చిన పెట్టెల్లోనే షాపు వెనక గదిలో ఉంచాను. ప్రెస్సులో విచ్చుకున్న రెండూ వాటితోనే ఉన్నాయి. మీ మనిషిని పంపితే దగ్గరుండి చూపిస్తాను.

ఇట్లు,
ఫొటో గిఫ్టుల షాపు యజమానురాలు,
తెనాలి.