గుప్పెడు బొంబాయి రవ్వ బాకీ

మొన్న సెప్టెంబరు 21, గురజాడ జయంతి సాయంత్రం, విజయనగరంలో మా వీధి రామమందిరంలో జరిగిన కవిత్వం, సంగీతం కార్యక్రమానికి వచ్చిన వాళ్లందరికీ ముందుగా నమస్కారం. టికెట్ లేదు, చందా లేదు, వచ్చి కూర్చోవడమే అని పోస్టర్‌లో రాసుకున్నాం. రాసింది మేం ముగ్గురం. అది జరిగింది మాత్రం వీధిలో పాతికమంది చేతుల మీదుగా. ఎవరికి ఏం బాకీ పడ్డామో మర్చిపోకముందే ఇక్కడ రాసేస్తున్నాను. పేర్లు రాయొద్దని చాలామంది మరీ మరీ చెప్పారు కాబట్టి రాయడం లేదు. చదివితే ఎవరి సంగతి వాళ్లకే తెలిసిపోతుంది.

అసలు ముందు అనుకున్న చోటు వేరు. నెల ముందే మాట్లాడుకున్న హాలు వాళ్లు నాలుగు రోజులుందనగా ఫోన్ చేసి, "ఏదో ఫంక్షన్ తగిలిందండీ, ఏమనుకోకండి" అన్నారు. ఏమనుకోకుండా ఎలా ఉంటాం? పోస్టర్లు అప్పటికే అంటించేశాం. ఆ రాత్రి టెన్షన్‌తో రామమందిరం కమిటీ పెద్దాయన ఇంటికి వెళ్తే, మా మాట సగంలో ఉండగానే ఆయన లోపలికి వెళ్లి తాళంచెవి తెచ్చి చేతిలో పెట్టారు. అద్దె మాటెత్తితే, "ముందోసారి తుడుచుకోండి, అయ్యాక ఇంకోసారి తుడవండి" అన్నారు. అంతే అగ్రిమెంటు.

టెంట్ హౌస్ ఆయన 80 కుర్చీలు, రెండు సౌండ్ బాక్సులు, మూడు మైకులు పంపి ఆటో కిరాయి మాత్రం తీసుకున్నారు. వాళ్ల నాన్నగారు ఒకప్పుడు హరికథలకి మైకు కట్టేవారట.

ఇక అసలు బాకీ దగ్గరికొస్తాను. మృదంగాన్ని దగ్గరగా చూసినవాళ్లకి తెలిసే ఉంటుంది. కుడివైపు మధ్యలో నల్లటి గుండ్రం ఎప్పుడూ ఉంటుంది. ఎడమవైపు ఉండదు. కచేరీకి ముందు బొంబాయి రవ్వని నీళ్లతో తడిపి, ముద్ద చేసి, ఎడమవైపు తోలు మధ్యలో అద్దుతారు. ఆ బరువుతోనే అటువైపు గుమ్మని పలుకుతుంది. అయిపోయాక గీకేయాలి. మా మృదంగం మాస్టారు ఆ రోజు వానలో స్కూటర్ మీద వచ్చారు. రెయిన్‌కోటు మృదంగానికి కప్పి తాను తడిశారు. సంచీలో ఉన్న రవ్వ పొట్లం కూడా ఆయనతోపాటే తడిసి గంజిలా అయిపోయింది. టైం ఆరున్నర. జనం వచ్చేస్తున్నారు.

ఎదురింటి మామ్మ దగ్గరికి పరిగెత్తాను. "ఏటి బావూ, ఈ వేళప్పుడు ఉప్మా ఏటి?" అంది. మృదంగానికని చెబితే నమ్మలేదు. గిన్నెలో గుప్పెడు రవ్వ పోసుకుని, నిజమో అబద్ధమో తేల్చుకోడానికి తనే నా వెనకాల వచ్చింది. మాస్టారు నీళ్లు పోసి వేళ్లతో పిసుకుతుంటే వంగి చూసి, "నీళ్లెక్కువైపోనాయి, జారిపోతాది" అంది. ఆయన నవ్వి ఇంకాస్త రవ్వ కలిపారు. ముద్ద అద్ది, అరచేత్తో ఒక్కసారి తట్టేసరికి మందిరం గోడలు కూడా ఊఁ కొట్టినట్టయింది. మామ్మ "ఓలమ్మో" అని ముందు వరుసలో కూర్చుంది. పది దాకా కదల్లేదు.

నేను తెలుగు మాస్టార్ని. గురజాడ వారు 1910లో తెచ్చిన ముత్యాల సరం అనే ఛందస్సు నడక గురించి ఏళ్ల తరబడి బోర్డు మీద లెక్క వేసి చూపిస్తున్నాను. మూడు మాత్రలు, నాలుగు మాత్రలు, మళ్లీ మూడు, నాలుగు. ఆ రోజు ఎనిమిదో తరగతి పాప ఒకతి మైకు ముందు నిలబడి, ఆ ముత్యాల సరాలే పరీక్షలో అప్పజెప్పినట్టు గడగడా మొదలుపెట్టింది. మృదంగం మాస్టారు, "తొందరేం లేదమ్మా, నువ్వు చదువుకుంటూ పో, నీ వెనకాలే నేనొస్తా" అని తకిట తకధిమి అంటూ మిశ్రచాపు తాళం అందుకున్నారు. మూడూ నాలుగూ, అదీ ఏడే కదా! రెండో చరణానికి పాప గొంతు నెమ్మదించింది. మూడో చరణానికి తనకి తెలీకుండానే తల ఊపుతోంది. నా లెక్క నా చెవికి ఎక్కింది ఆ రోజే. మాస్టారికి నేను వేరే చెప్పుకోవాల్సిన థాంక్స్ అది.

కవులకి తలా అయిదు నిమిషాలు అన్నాం. ఒకాయన పందొమ్మిది నిమిషాలు చదివారు. ఆయనకీ థాంక్సే. ఆ టైంలోనే టీ కాగింది.

వయొలిన్ వాయించిన అమ్మాయి మన సంగీత కళాశాల విద్యార్థిని. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా మొదలైన కాలేజీ, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన కాలేజీ. ఆ మాట పరిచయంలో చెప్పి అమ్మాయిని కాస్త భయపెట్టాను, నాదే తప్పు. ఆలాపన మధ్యలో కరెంటు పోయింది. మైకు మూగబోయింది, ఫ్యాన్లు ఆగిపోయాయి, ఆ అమ్మాయి కమాను మాత్రం ఆగలేదు. వెనక వరుసల వాళ్లు కుర్చీలు చేత్తో ఎత్తి పట్టుకుని, చప్పుడు కాకుండా ముందుకొచ్చారు. శ్రుతి ఒక ఫోన్‌లో తంబూరా యాప్ నుంచి వస్తోంది. సరిగ్గా అప్పుడే ఆ ఫోన్ మోగింది. ఆ ఫోన్ నాదే. చేసింది మా ఆవిడ, కరెంటు పోయింది కదా, ప్రోగ్రాం ఆగిపోయిందా అని అడగడానికి.

అరగంట దాకా కరెంటు రాలేదు. నిజం చెప్పాలంటే మైకు లేకుండానే బాగుంది. టెంట్ హౌస్ ఆయన ఎదురుగా అనలేక ఇక్కడ రాస్తున్నాను, ఏమనుకోకండి.

లెక్క కూడా చెప్పాలి. టీ, పోస్టర్లు, ఆటో కలిపి 3,150 రూపాయలైంది, ముగ్గురం పంచుకున్నాం. మర్నాడు పొద్దున్నే మందిరం తుడవడానికి చీపుర్లు పట్టుకుని వెళ్తే, నలుగురు పిల్లలు అప్పటికే తుడిచేసి వెళ్లిపోయారని తెలిసింది. ఎవరో ఇంకా దొరకలేదు.

మామ్మ గిన్నె తిరిగిచ్చేశాం. ఇంకో స్టీలు గిన్నె మాత్రం మా దగ్గరే ఉండిపోయింది. పులిహోర వచ్చిన గిన్నె, అడుగున "సీ.ల." అని పేరు కొట్టి ఉంది. ఎవరిదో చెబితే తెచ్చిస్తాం. ఖాళీగా ఇవ్వంలెండి.