ప్రతి రేవూ పుష్కర రేవే

సంపాదకులకు,

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఘాట్లకు ఎన్ని కోట్లు, రోడ్లకు ఎన్ని కోట్లు అన్న వార్తలు రోజూ చదువుతున్నాం. ఆ లెక్కలు పెద్దలు చూసుకుంటారు. రాజమండ్రిలో పుట్టి 1991, 2003, 2015 పుష్కరాలు మూడూ చూసినవాడిగా నాది ఒక్కటే మనవి. జనాన్నంతా ఒకే రేవుకు, ఒకే ఘడియకు రప్పించకండి.

2015 జులై 14ను రాజమండ్రిలో ఎవరూ మర్చిపోలేదు. పుష్కర ప్రవేశం ఉదయం 6.26కి అని అంతకుముందు టీవీల్లో, ఫ్లెక్సీల్లో ఊదరగొట్టారు. దాంతో రాత్రి నుంచే కోటగుమ్మం పుష్కర ఘాట్ గేట్ల ముందు జనం చేరిపోయారు. వీఐపీల కోసం సరస్వతి ఘాట్ విడిగా ఉన్నా, ముఖ్యమంత్రి స్నానం, పూజ కూడా పుష్కర ఘాట్‌లోనే జరిగాయి. తర్వాత గేటు దగ్గర తొక్కిసలాటలో 30 మందికి దగ్గరగా పోయారు. అందులో ఆడవాళ్లే ఎక్కువ. జస్టిస్ సోమయాజులు కమిషన్ వేశారు, నివేదికా వచ్చింది. పదేళ్లు తిరక్కుండానే, 2025 జనవరి 29న ప్రయాగ్‌రాజ్ కుంభమేళాలో మౌని అమావాస్య తెల్లవారుజామున సంగమం దగ్గర మళ్లీ అదే జరిగింది. ప్రభుత్వం చెప్పిన లెక్కే 30 మంది. (అన్నట్టు, రెండు చోట్లా '144 ఏళ్లకోసారి' అన్న ప్రచారమే. 2003లో మా బామ్మ నోట ఆ మాట విన్న గుర్తు లేదు.)

మన పెద్దలు చెప్పే ప్రకారమే చూద్దాం. గురుడు సింహరాశిలోకి వచ్చినప్పుడు పుష్కరుడు గోదావరిలో 12 రోజులు ఉంటాడు. అవి ఆది పుష్కరాలు. ఆ ఏడాది చివర అంత్య పుష్కరాలు మరో 12 రోజులు. పిండప్రదానం చేసేవాళ్లలో చాలామంది తండ్రిగారి తిథి చూసుకుని వస్తారు. మరి మొదటి నిమిషానికే మునగాలన్న ఆత్రం ఎక్కడి నుంచి వచ్చింది? నది చూస్తే త్ర్యంబకం నుంచి అంతర్వేది దాకా 1,465 కిలోమీటర్లు. బాసర, ధర్మపురి, కాళేశ్వరం, భద్రాచలం, పట్టిసీమ, కోటిపల్లి, అన్నీ గోదారే.

నా అనుమానం, సగం చిక్కు 'పుష్కర ఘాట్' అన్న ఆ పేరులోనే ఉంది. 2015లో మూడో రోజు కోటిలింగాల రేవులో నేను స్నానం చేసి వస్తుంటే, కర్నూలు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ తడి బట్టలతోనే ఆపి అడిగింది: "నాయనా, ఇక్కడ మునిగితే లెక్కలోకి వస్తుందా? పుష్కర ఘాట్‌కి ఎట్లా పోవాల?" అప్పటికే ఆమె మూడు మునకలు వేసింది. ఎంత చెప్పినా వినక సంచి పట్టుకుని బయల్దేరింది. పుష్కరాలంటే పుష్కర ఘాట్ అనే అనుకుంటారు మరి, బయటి ఊళ్లవాళ్ల తప్పేముంది?

అందుకే ఆ 12 రోజులైనా ఘాట్‌ను పాత పేరుతో కోటగుమ్మం రేవు అని పిలిస్తే మంచిది. ప్రతి ఘాట్ మెట్ల మీదా 'ఇదీ పుష్కర రేవే' అని పెద్ద అక్షరాలతో రాయించాలి. ఆ మాట కలెక్టరు చెప్తే జనం వినరు, పంచాంగకర్తలు, పీఠాధిపతులు ఇప్పటి నుంచే చెప్పాలి. బస్సులన్నీ రాజమండ్రికే వేయకుండా కొవ్వూరు గోష్పాద రేవుకు, కోనసీమ రేవులకు నేరుగా వేయాలి. వీఐపీల స్నానాలంటారా, మొదటి రోజు వదిలేస్తే వాళ్లకు పోయే పుణ్యమేమీ లేదు. ఇంకా పదకొండు రోజులు ఉంటాయి కదా.

మీకూ ఒక మాట. పోయినసారి పత్రికలన్నీ మొదటి పేజీలో ముహూర్తాన్ని బాక్సు కట్టి వేశాయి. ఈసారి అదే చోట, ఏ రేవు ఖాళీగా ఉందో, అక్కడికి బస్సు ఎక్కడ దొరుకుతుందో రోజూ వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
రాజమహేంద్రవరం