ఈ వాడలో రాజ్యం నేనే

పరకాల దగ్గరి మన ఊరు,
ఆదివారం రాత్రి

బిడ్డా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది, రెండోసారి నవ్వు వచ్చింది. "రాజ్యానికి వెట్టి చేస్తున్నావమ్మా, ఆ అంగన్‌వాడీ మానేసి నా దగ్గరికి వచ్చెయ్" అని రాశావు. వెట్టి అన్నది మన దగ్గర ఊరికే వాడే మాట కాదు. మీ నాయనమ్మ తల్లి దొర గడీలో చేసింది వెట్టి. అయినా నీ మాటలో నిజం లేకపోలేదు. కోపం వచ్చింది కూడా అందుకేనేమో.

అమెరికాలో కాథరిన్ మెకినన్ అనే న్యాయశాస్త్రవేత్త, రాజ్యం ఆడదాన్ని మగవాడి కళ్లతోనే చూస్తుందని చెప్పిందని రాశావు. అది మన వీధిలోనే చూశాను. వెనకింటి ఆమె ఒంటరి మహిళల పింఛను కోసం తిరిగినప్పుడు తోడు వెళ్లాను. 2017లో వచ్చిన పథకం, మొదట వెయ్యి, తర్వాత 2,016 రూపాయలు. ఆ డబ్బుతోనే ఆమె పిల్లవాడి ఫీజు కట్టింది, కాదనను. కానీ భర్త వదిలేసి ఏడాది దాటిందని ఆమె ఊరందరి ముందూ రుజువు చూపాల్సి వచ్చింది. వదిలేసి పోయినవాణ్ని మాత్రం ఎవరూ ఒక్క కాగితం అడగలేదు.

ఇక నా సంగతి. రాజ్యం అనగానే నీకు ఢిల్లీ, పోలీసులు, కోర్టులు గుర్తొస్తాయి. ఈ వాడలో రాజ్యం అంటే నేనే. పొద్దున్నే అంగన్‌వాడీ అద్దె గది తాళం తీసేది నేను. పిల్లలను తూచేది, గర్భిణులకు అన్నం, పాలు, గుడ్డు పెట్టేది, బాలామృతం ప్యాకెట్లు పంచేది నేనూ ఆయమ్మా. ఓటర్ల జాబితా చేతికిచ్చినా, సర్వే కాగితాలు ఇచ్చినా ఇల్లిల్లూ తిరిగేది మేమే. ఇప్పుడు వీటికి తోడు ఫోనులో ఫోటోలు కూడా ఎక్కించాలి, అది ఎక్కకపోతే ఆ రోజు పని చేయనట్టే. ఈ అంగన్‌వాడీల పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. అప్పటి నుంచీ మాకు ఇచ్చేదాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. పిల్లలకు అన్నం పెట్టడం ఆడవాళ్లకు పుట్టుకతో వచ్చిన గుణం కదా, దానికి జీతం ఎందుకు అన్నట్టు! ఇంట్లో మీ నాన్న అనుకున్నదే సర్కారూ అనుకుంది. (మీ నాన్న ఇప్పుడు కొంచెం మారాడు. అన్నం వండుతున్నాడు, పప్పు ఇంకా రాలేదు.)

2023 సెప్టెంబరులో సమ్మెకు దిగినప్పుడు నాకు వచ్చేది 13,650 రూపాయలు. హనుమకొండలో ఏకశిల పార్కు దగ్గర ఎండలో కూర్చున్నాం. అక్కడ నాకొక వింత ఆలోచన వచ్చింది. సర్కారు మీద అరుస్తున్నది సర్కారే కదా అని. మేము కూర్చుంటే ఊళ్లలో గుడ్డు ఆగిపోయింది. మా పని ఎంత బరువైనదో వాళ్లకే కాదు, మాకూ అప్పుడే తెలిసింది.

ఇంకొకటి చెప్పాలి, సిగ్గుపడుతూనే. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ అమ్మాయిల మీద యాసిడ్ పోశారు. ఒకమ్మాయి బతకలేదు. కొద్ది రోజుల్లోనే నిందితులు ముగ్గురినీ పోలీసులు ఎన్‌కౌంటర్‌లో చంపారు. అందరూ సంబరపడ్డారు, పోలీసులకు పూలు ఇచ్చారు. నేనూ సంతోషించాను, అబద్ధం ఎందుకు. నిన్ను ఒళ్లో పెట్టుకుని టీవీ ముందు కూర్చుని, బాగా చేశారు అన్నాను. యాసిడ్ మాత్రం దుకాణాల్లో ఎప్పటిలాగే దొరికింది. దాని అమ్మకాలకు కళ్లెం వేయమని సుప్రీంకోర్టు చెప్పిందీ, యాసిడ్ దాడికి శిక్షాస్మృతిలో వేరే సెక్షన్ వచ్చిందీ 2013లో. తుపాకీ పేలడానికి రోజులు చాలాయి, చట్టం రావడానికి నాలుగేళ్లకు పైగా పట్టింది. 2019లో షాద్‌నగర్ దగ్గర మళ్లీ అలాంటి ఎన్‌కౌంటరే జరిగితే, నువ్వు ఇంటర్ చదువుతూ "మంచిదే కదమ్మా" అన్నావు. ఆ రోజు నీకు నేను బదులు చెప్పలేదు. నిన్ను కాపాడతానని తుపాకీ చూపించే రాజ్యం నాకు భయం, బిడ్డా. గుడ్డు ఇవ్వడానికి సతాయించే రాజ్యంతో పోట్లాడగలను.

నార్వే రాజనీతి పండితురాలు హెల్గా హెర్నెస్ మాట నాకు నచ్చింది. రాజ్యం స్త్రీలకు అనుకూలంగా మారే వీలుందని ఆమె అన్నదని రాసి, పక్కనే నువ్వు ప్రశ్నార్థకం పెట్టావు. ఆ గుర్తు తీసేయమనను. కానీ ఉచిత బస్సును భిక్ష అన్నావే, అది తప్పు. ఆడవాళ్లకు ఆ బస్సు వచ్చిన 2023 డిసెంబరు 9 నుంచి మా ఆయమ్మ నెలకు రెండుసార్లు హనుమకొండ ఆసుపత్రికి వెళ్లి బీపీ చూపించుకుంటోంది. అంతకుముందు ఇంట్లో ఛార్జీలు అడగలేక ఆగిపోయేది. అడగాల్సిన అవసరం తప్పింది, అది చిన్న సంగతా?

కాబట్టి నేను మానేయను. నీకు ఒక పని చెబుతున్నాను. అంగన్‌వాడీ టీచర్లకూ ఆయాలకూ గ్రాట్యుటీ చట్టం, అంటే పని నుంచి దిగిపోయేటప్పుడు ఇచ్చే సొమ్ము చట్టం, వర్తిస్తుందని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మా ఆయమ్మ త్వరలో దిగిపోతుంది. ఆ తీర్పు చూసి అర్జీ ఒకటి రాసి ఈ వారంలోనే పంపు. తెలుగులోనే రాయి, సంతకం పెట్టేవాళ్లు ముందు చదువుకోవాలి.

సకినాలు బస్సు పార్సిల్‌లో వేశాను. ముక్కలవుతాయేమో, తిట్టుకోకుండా తిను.

మీ అమ్మ