తెర స్తంభిస్తే తప్పు చిప్‌దేనా?

సంపాదక మహాశయులకు,

కంప్యూటర్ తెర ఉన్నట్టుండి స్తంభించగానే గ్రాఫిక్స్ చిప్ పాడైందని తేల్చేయడం సాంకేతిక శీర్షికల్లో పరిపాటి అయింది. చాలాసార్లు చిక్కంతా పని పూర్తయిందని డ్రైవర్ (చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) తెలియజేసే పద్ధతిలోనే ఉంటుంది. ప్రాసెసర్ ఆదేశాలను క్యూలో పెట్టి వేరే పని చూసుకుంటుంది. చిప్ వాటిని ముగించి, మెమరీలో ఒక వరుస సంఖ్య రాసి, ప్రాసెసర్‌కు ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపి ఇటు చూడమనే సంకేతం) పంపుతుంది. డ్రైవర్ ఆ సంఖ్యను సరిచూసి, సంబంధిత ఫెన్స్ (ఫలానా పని ముగిసిందని తెలిపే గుర్తు) కోసం కాచుకున్న ప్రోగ్రాములన్నింటినీ మేల్కొలుపుతుంది.

లినక్స్ కెర్నల్‌లో (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగంలో) ప్రతి ఫెన్స్ పరిమిత కాలంలో సంకేతం ఇచ్చి తీరాలి. అందుకే ఆ సంకేతం ఇచ్చే దారిలో డ్రైవర్ మామూలు పద్ధతిలో మెమరీ అడగకూడదు. మెమరీ కొరత వేళ కెర్నల్ ఖాళీ చేయించబోయే మెమరీ పేజీలే (భాగాలే) ఆ ఫెన్స్ కోసం ఆగి ఉంటే, ఒకరి కోసం ఒకరు కాచుకుని ఎవరూ కదలరు. మామూలు పరీక్షల్లో ఇది దొరికితే అదృష్టమే. విండోస్‌లోనైతే చిప్ సుమారు 2 సెకన్లు స్పందించకపోతే రీసెట్ చేస్తారు; తెర బతుకుతుంది గానీ, జరుగుతున్న పని పోతుంది.

2024లో, లినక్స్‌లో అప్లికేషన్ల చిత్రాలను తెరకు చేర్చే వేల్యాండ్‌కు ఎక్స్‌ప్లిసిట్ సింక్ ప్రోటోకాల్ వచ్చాక, బఫర్ (చిత్రం ఉండే మెమరీ) ఎప్పుడు సిద్ధమవుతుందో అప్లికేషనే స్పష్టంగా చెప్పగలుగుతోంది. మేలైన మార్పే, కానీ డ్రైవర్ బాధ్యత రవ్వంతైనా తగ్గలేదు. కొత్త డ్రైవర్లను సమీక్షించేటప్పుడు ఫ్రేమ్ రేట్లతో సరిపెట్టక, మెమరీ నిండిన స్థితిలోనూ వాటిని పరీక్షించి ఫలితాలు ప్రచురించవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు